తెల్లగా కనపడే దాకా

ఉరవకొండలో నీళ్ళెక్కువై
ఏదన్నా చచ్చిందంటే
జనం నవ్వుతారు.
మా ఇంట్లో చచ్చేదానికి సిద్ధమైంది
డాల్డా డబ్బాలో
మే నెల పువ్వు గడ్డ.

తప్పు నాదే.
పొద్దంతా ట్యాంకర్ తోలేవాణ్ణి.
వీధి మొగదల హారన్ కొడితే చాలు
బిందెలు, బకెట్లు, పెయింటు డబ్బాలు,
"వాళ్ళకు నిండా పట్టి మాకు సగమేనా ఎర్రిస్వామీ?"
ఇయ్యడం ఒకటే నేర్చిన చెయ్యి ఇది.
రాత్రి పైపులో మిగిలిన చివరి చెంబెడు,
ఎవరికీ లెక్క చెప్పే పని లేనిది,
దానికి పోసేవాణ్ణి.
రోజూ.
ఆకులు రాల్చి అది పండుకున్న చలికాలంలో గూడా.
దప్పికేమో అనుకున్నా.
నాకు తెలిసిన రోగం అదొక్కటే.

ఫిబ్రవరిలో వాసనొచ్చింది.
ఎలుక చచ్చిందేమోనని మంచం జరిపి చూసినా,
బియ్యం మూట జరిపి చూసినా.
చివరికి డబ్బా.
వేలు పెడితే
మాగిపోయిన మామిడిపండులోకి మాదిరి దిగిపోయింది.

పారేద్దామని గడప దాటితే
పక్కింట్లో చింతగింజలు కొడతా జైతున్‌బీ.
గడ్డ ఇచ్చింది ఆమెనే.
ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు.
షుగరు.
అనంతపురం పెద్దాసుపత్రిలో తీసేసినారు పోయినేడు.

"యాడికి తీస్కపోతావు, కూచో.
బ్లేడు తే. కొత్తది.
స్టౌ మంటలో కాల్చు."

నేను కోస్తా ఉంటే ఆమె చూస్తా ఉంది.
పైపొర బురద.
దాని కింద పొర పాత బెల్లం రంగు.
దాని కింద, అంచున మాత్రం మచ్చ.
ఇంక చాలు పెద్దమ్మా, ఏం మిగుల్తుంది అన్నా.

"చాలదు.
తెల్లగా కనపడే దాకా కొయ్యాల.
నేనూ నీ మాదిరే చాలు చాలని ఏడ్చినా.
ఒక్క వేలితో పొయ్యేది.
నా ఏడుపు చూసి ఆపినారు.
నెలకు రెండోది..."
మాట నిలిపి
కాలు చీర కిందికి ముడుచుకునింది.

పిడికిలంత గడ్డ నిమ్మకాయంత మిగిలింది.
పొట్టు ఒలిచిన తెల్లగడ్డ మాదిరి.
పసుపు, పొయ్యి బూడిద రుద్దినాం.
అటక మీద, బండి కాగితాల పక్కన,
పాత పేపరు పరిచి తొమ్మిది రోజులు ఆరబెట్టినా.
డబ్బా అడుగున మేకుతో ఆరు తూట్లు పొడిచినా,
అంతవరకూ దానికి ఒక్కటీ లేదని
అప్పుడే చూసినా.
పెన్నహోబిలం కాడి ఇసుక తెచ్చినా.

"మెడ బయట పెట్టు.
మనిషిని పూడ్చినట్టు పూడ్చొద్దు."
నీళ్ళు?
"మొలక కనపడే దాకా చుక్క పొయ్యొద్దు."

మార్చి ముదిరింది. రోజుకు పదకొండు ట్రిప్పులు.
కొండ పడగ కాలి
రాత్రికి గూడా సెగ వదల్లేదు.
చివరి చెంబు చేతిలో పట్టుకొని
డబ్బా ముందర నిలబడేవాణ్ణి.
పదివేల లీటర్లు మోసే నాకు
ఆ చెంబు బరువైంది.
ఒగ రోజు కుక్కకు పోసినా,
ఒగ రోజు నా నెత్తిన,
ఒగ రోజు పోసేసేవాణ్ణే,
గోడవతల ఆమె దగ్గింది.

ఉగాది పోయింది.
ఏప్రిల్ రెండో వారం
పొద్దున్నే బండి స్టార్ట్ చేసి
తువాలు మరిచి లోపలికొస్తే
ఇసుక ఒక పక్కకు జరిగుండాది.
ఆవగింజంత పచ్చ.
నిజమేనా అని ముక్కు ఆనేంత దగ్గరికి వంగినా.
వాసన లేదు.

జైతున్‌బీ గోడ పట్టుకొని కుంటుకుంటా వచ్చింది.
చాలాసేపు చూసింది.
"ఈ ఏడు పూయదు" అనింది.
"పై ఏడు గూడా ఏమో" అనింది.
నీళ్ళ సీసా మూత తీసి
నా చేతికిచ్చింది.
"దీంతో, ఒక్కటి."

బయట అప్పుడే బిందెలు తగువుకు దిగినాయి,
ఎవరో నన్ను పేరు పెట్టి తిడతా ఉండారు.
మూతలో నీళ్ళు వణుకుతా ఉండాయి,
ఆపని ఇంజను వల్లో,
నా చెయ్యి వల్లో.